అటకకూ అద్దె

ఫ్లాటు నిండింది, లాఫ్టు నిండింది, మంచం కింద సొరుగూ నిండింది. నగరాల్లో ఇప్పుడు ఇంటి సామాన్లకు వేరే చోట నెలవారీ అద్దెకు జాగా దొరుకుతోంది. అక్కడికి ఏం పంపాలి? ఇంట్లో ఏం ఉంచుకోవాలి? ఏం వదిలేయాలి?

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళ్లిన కుటుంబం ముందు హాలు చూస్తుంది. తర్వాత వంటగది, ఆ తర్వాత వాకిలి తూర్పుకా ఉత్తరానికా అన్నది చూస్తుంది. సామాన్లు ఎక్కడ సర్దాలన్న సంగతి గృహప్రవేశం అయ్యాక గానీ గుర్తుకు రాదు. అప్పటికే పాత ఇంటి నుంచి లారీ వచ్చి నిలబడి ఉంటుంది. ఇత్తడి గంగాళం, అమ్మమ్మ ఇచ్చిన కాగు, రెండు బీరువాలు, పిల్లల చిన్నప్పటి సైకిలు, ఎప్పుడో కొన్న మిక్సీ తాలూకు ఖాళీ అట్టపెట్టె అన్నీ దిగుతాయి. కొన్ని లాఫ్టుల్లోకి ఎక్కుతాయి, కొన్ని దివాన్ లోపలికి వెళ్తాయి, మిగిలినవి వాషింగ్ మెషిన్ వెనక సర్దుకుంటాయి. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలూ డిన్నర్ సెట్లూ వాటి మీదకి చేరతాయి. రెండు మూడేళ్లలో ఆ ఇంట్లో ఒక గదికి తలుపు పూర్తిగా తెరుచుకోదు.

మన పాత ఇళ్లలో సామాను తక్కువేమీ కాదు. ఉమ్మడి కుటుంబంలో పెళ్లి పందిట్లో వంటకి వాడే పెద్ద పాత్రలు కూడా ఇంట్లోనే ఉండేవి. అయినా ఆ ఇల్లు ఊపిరాడనట్టు ఉండేది కాదు. ఎందుకంటే ప్రతి చోటుకీ ఒక పని ఉండేది, ఒక కాలం ఉండేది. పంట చేతికొస్తే గాదె నిండేది, మళ్లీ పంట వేళకి ఖాళీ అయ్యేది. అటక మీద గంగాళం పెళ్లికో సంతర్పణకో దిగేది, తోమించి తిరిగి ఎక్కించేవాళ్లు. వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీ ఏడాది తిరిగేసరికి అడుగంటేది. ట్రంకు పెట్టెలో పట్టుచీరలు పండగలకి ఎండ చూసేవి. ఎక్కించిన వస్తువు ఎప్పుడు దిగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పటి లాఫ్టులో లేనిది ఆ దిగే రోజే.

సామాన్లకు ఇలా బయట జాగా అద్దెకు తీసుకునే సెల్ఫ్ స్టోరేజ్ గురించి ఆలోచించేవాళ్లకు నేను చెప్పదలచిన మాట అక్కడి నుంచే వస్తుంది. ఫలానా నెలలో ఇది నాకు తిరిగి కావాలి అని చెప్పగలిగిన వస్తువుకి బయట జాగా అద్దెకు తీసుకోవడం మంచి పనే. ఆ నెల చెప్పలేకపోతే ఆ వస్తువుకి కావలసింది గోదాము కాదు. దాని గురించి మనం తీసుకోవలసిన నిర్ణయం ఇంకా మిగిలి ఉందన్నమాట.

టెక్సస్ నుంచి మేడ్చల్ దాకా

ఈ వ్యాపారం పెరిగింది అమెరికాలో. 1960ల్లో టెక్సస్‌లో షట్టర్ గదులు వరసగా కట్టి, తాళం మీదే సామానూ మీదే అని నెలవారీ అద్దెకివ్వడం మొదలుపెట్టారు. 1972లో కాలిఫోర్నియాలో మొదలైన పబ్లిక్ స్టోరేజ్ సంస్థ ఇవాళ ఈ రంగంలో అతి పెద్ద వాటిలో ఒకటి. దాని నారింజ రంగు తలుపులు అక్కడి రహదారుల పక్కన చాలా ఊళ్లలో కనిపిస్తాయి. అమెరికాలో చదువుకునే మన పిల్లలకి ఇది కొత్త విషయం కాదు. వేసవి సెలవుల్లో గది ఖాళీ చేసి ఇండియాకి వచ్చేటప్పుడు పరుపు, బల్ల, వంటసామాను నలుగురైదుగురు కలిసి ఒక చిన్న యూనిట్‌లో పెట్టేసి వస్తారు. ఆగస్టులో తిరిగి వెళ్లాక తీసుకుంటారు. తేదీ ఉన్న వాడకం అంటే అది.

అదే దేశంలో 2010లో మొదలైన ‘స్టోరేజ్ వార్స్’ అనే టీవీ కార్యక్రమం ఇంకో కోణం చూపించింది. అద్దె కట్టడం మానేసిన వాళ్ల యూనిట్లను వేలం వేస్తారు. కొనేవాళ్లు గడప బయటే నిలబడి, లోపల ఏముందో పైపైన చూసి పాట పాడతారు. ఒకరి ఇంటి ఫొటోలు, బొమ్మలు, బట్టలు ఎవరి చేతికో వెళ్లిపోతాయి. ఎప్పటికీ పోగొట్టుకోకూడదని దాచినవి అవి.

మన నగరాల్లో పద్ధతి కాస్త వేరు. ఎక్కువ సంస్థల దగ్గర మనం గదికి వెళ్లి సర్దుకోనక్కర్లేదు. వాళ్ల మనిషి ఇంటికొచ్చి గానీ వీడియో కాల్‌లో గానీ సామాను చూసి, ఎంత జాగా పడుతుందో లెక్క కడతాడు. ప్యాకింగ్ వాళ్లు వచ్చి కడతారు. ప్రతి పెట్టెకీ నంబరు వేస్తారు, జాబితా రాసి ఫొటోలు తీస్తారు. నగరం అంచున ఉన్న గోదాములో పేర్చి ఉంచుతారు. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు గోదాములు ఎక్కువ. మనం సొంతంగా తాళం వేసుకుని, కావలసినప్పుడు వెళ్లి తెరుచుకునే గదులు కూడా దొరుకుతాయి, వాటి అద్దె సాధారణంగా ఎక్కువే.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులు ఇళ్లకి మారినప్పుడు సెల్ఫ్ స్టోరేజ్ అన్న మాట మధ్యతరగతి ఇళ్లలో బాగా వినబడింది. గచ్చిబౌలి, మాదాపూర్ చుట్టుపక్కల అద్దెకున్న యువ ఉద్యోగులు ఖాళీ ఫ్లాటుకి నెలనెలా అద్దె కట్టడమెందుకని, సొంతూళ్లకి వెళ్లిపోయారు. మంచం, ఫ్రిజ్, కుర్చీలు మాత్రం ఊరికి మోసుకెళ్లే వీల్లేదు. ఇంటి అద్దెలో కొంత భాగానికి సామాను భద్రంగా ఉంటుందంటే అప్పుడు అది తెలివైన లెక్కే.

ఎవరికి పనికొస్తుంది

ఏడాదిన్నర ఆన్‌సైట్ ప్రాజెక్టుకి వెళ్తున్న జంట ఉంది. పాత అపార్ట్‌మెంట్ కూలగొట్టి మళ్లీ కడుతున్నారు, ఈలోగా చిన్న అద్దింట్లో ఉండాలి. వంటగదికి కొత్త అల్మరాలు చేయిస్తున్నారు, రెండు నెలలు ఇల్లంతా రంపపు పొట్టు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బదిలీ అయింది, క్వార్టర్ ఇంకా రాలేదు. వీళ్లందరికీ బయట జాగా నిజంగా పనికొస్తుంది. అందరి దగ్గరా ఒక తేదీ ఉంది.

ఏడాదికోసారి కావలసిన సామాను సంగతి కొంచెం ఆలోచించాలి. దసరాకో సంక్రాంతికో దిగే బొమ్మల కొలువు పెట్టెల్ని నేనైతే ఇంటి లాఫ్టులోనే ఉంచమంటాను. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసింది. తేలిక, మెత్తన. చెమ్మ తగిలినా పురుగు పట్టినా తొందరగా పాడవుతుంది. రెండు మూడు నెలలకోసారి పెట్టె మూత తీసి చూసే మనిషి కావాలి. పట్టుచీరలూ అంతే. ముతక పంచెలో చుట్టి, మడత మార్చి, గాలి తగలనిస్తేనే జరీ నిలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగిలేలా పెట్టకూడదు. గోదాములో ఈ పని ఎవరూ చేయరు. కూలరు, రజాయిలు, పెద్ద సూట్‌కేసులు మాత్రం లాఫ్టులో వెనక్కి వెళ్లిపోయినా ఏ నష్టమూ లేదు.

ఇక ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అన్న జాబితా. పాత సోఫా, అన్నయ్య వదిలేసిన బల్ల, ఎవరూ వాడని ట్రెడ్‌మిల్. ఉదాహరణకు అమ్మితే ఆరు వేలు వచ్చే సోఫాకి నెలకి వెయ్యి రూపాయల అద్దె అనుకుందాం. ఆరు నెలలకి దాని విలువంతా అద్దెకే పోయింది. తీసుకెళ్లడానికి, తెచ్చివ్వడానికి అయ్యే బండి ఖర్చు, ప్యాకింగ్, పైన 18 శాతం జీఎస్టీ ఇంకా కలపలేదు. ఏడాది తర్వాత ఆ సోఫాని అమ్ముదామన్నా అప్పటికి దాని ధర ఇంకా పడిపోతుంది.

సంతకం పెట్టే ముందు

ఒప్పంద పత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. తప్పదు, చదవాలి. మన సామాను ఇంకొకరి అధీనంలో పెట్టినప్పుడు 1872 నాటి భారత ఒప్పందాల చట్టం వర్తిస్తుంది. దాని 151వ సెక్షన్ ప్రకారం, సామాను తీసుకున్నవాడు తన సొంత వస్తువుని మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. అయితే నష్టం జరిగితే ఎంత ఇస్తారన్నది ఒప్పందంలో రాసుకున్న పరిమితిని బట్టి ఉంటుంది. పైగా మనమే తాళం వేసుకునే గది అయితే, సామాను మా చేతికి ఇవ్వలేదు, జాగా మాత్రమే అద్దెకిచ్చాం అని ఆ సంస్థ అనవచ్చు.

బ్యాంకు లాకరుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల లాకరులోని వస్తువులు పోతే బ్యాంకు లాకరు ఏడాది అద్దెకి 100 రెట్ల వరకూ చెల్లించాలి. ఇంటి సామాను గోదాములకు అలాంటి ప్రత్యేక నిబంధన ఏదీ లేదు. అందుకే బంగారం, నగదు, ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ఏ పరిస్థితిలోనూ అక్కడికి పంపకండి. సంస్థలు కూడా వీటిని తీసుకోబోమని సాధారణంగా ముందే రాసి ఉంచుతాయి.

బీమా ఉందంటారు. దేనికి ఉందో అడగండి. మంటలకీ దొంగతనానికీ ఉండి, వరదకి లేకపోతే మన దగ్గర అది సగం బీమానే. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో ఇళ్లు నీట మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. గోదాము ఏ ప్రాంతంలో ఉంది, పక్కన చెరువో నాలానో ఉందా, సామాను నేల మీద పెడతారా, ఎత్తు మీద పెడతారా? వీలైతే స్వయంగా వెళ్లి చూడండి. చూడ్డానికి ఒప్పుకోని చోట సామాను పెట్టకండి. రెండు నెలలు అద్దె ఆలస్యమైతే ఏం చేస్తారు, వేలం వేసే హక్కు రాసుకున్నారా, నోటీసు ఏ చిరునామాకి పంపుతారు అన్నవి కూడా తెలుసుకోవాలి. విదేశాలకి వెళ్లేవాళ్లు ఇక్కడున్న తోబుట్టువుల ఫోన్ నంబరు కూడా ఇచ్చి వెళ్లాలి. మధ్యలో ఒక్క పెట్టె మాత్రమే కావాలంటే తీసిస్తారా, దానికి ఎంత తీసుకుంటారు అన్నది కూడా అప్పుడే అడగాలి.

పంపే సామానుకి కొంత పని ఉంటుంది. ఫ్రిజ్ ఆపి, పూర్తిగా ఆరనిచ్చి, తలుపు కొంచెం తెరిచి ఉండేలా కట్టించాలి. వాషింగ్ మెషిన్ పైపుల్లో నీళ్లు వంపేయాలి. పరుపుని గాలి ఆడే గుడ్డ కవరులో ఉంచాలి, ప్లాస్టిక్‌లో బిగించి కడితే కోస్తా చెమ్మకి బూజు పడుతుంది. చెక్క సామానుకి చెదలు ఉన్నాయేమో ముందే చూడాలి. గ్యాస్ సిలిండర్‌ని గోదాముకి పంపకూడదు. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి టర్మినేషన్ వోచర్ తీసుకుంటే డిపాజిట్ తిరిగొస్తుంది, కొత్త ఊళ్లో ఆ వోచరుతోనే కనెక్షన్ తీసుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా గోదాముకి వద్దు. జాబితా మీద మాత్రం మీ చేత్తో ‘మూడో పెట్టె: పూజ సామాను, వెండివి కావు’ అన్నంత వివరంగా రాసుకోండి. ‘ఇతర వస్తువులు’ అని రాసిన పెట్టెలో ఏముందో ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ముందు ఇల్లు

గోదాము వెతికే ముందు ఇల్లు వడపోయాలి. జపాన్‌కి చెందిన మేరీ కోండో ఈ పనిని ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె కార్యక్రమం వచ్చాక మన ఇళ్లలోనూ పిల్లలు ఆ పద్ధతిలో అల్మరాలు సర్దారు. ఆమె చెప్పినవాటిలో నాకు బాగా నచ్చినది వరస. గది గదిగా సర్దొద్దు, రకం రకంగా సర్దమంటుంది. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, అన్నిటికన్నా చివర మనసుకి దగ్గరైనవి. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒకే చోట కుప్ప పోస్తే తప్ప మన దగ్గర ఎన్ని ఉన్నాయో మనకే తెలియదు.

ఆమె అడిగే ప్రశ్న, ఈ వస్తువు చేతిలోకి తీసుకుంటే సంతోషం కలుగుతోందా అన్నది. అది మన ఇళ్లకి సరిపోదని నా అభిప్రాయం. సన్నికల్లు చేతిలోకి తీసుకుంటే ఏమీ కలగకపోవచ్చు, ఇంట్లో పెళ్లి వస్తే మాత్రం అది కావాలి. మన ఇళ్లకి తగిన ప్రశ్న: ఇది మళ్లీ ఎవరికి, ఎప్పుడు కావాలి? జవాబు లేని వస్తువులు వెంటనే బయటపడతాయి. పేరంటాల్లో వచ్చి, ఎవరికీ సరిపోక, చేతులు మారుతూ తిరిగే జాకెట్టు ముక్కలు. హోటల్ పార్సిళ్లతో వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు. మూత దొరకని స్టీలు డబ్బా, డబ్బా దొరకని మూత. ఏ ఫోనుకి చెందినవో తెలియని ఛార్జర్లు. పిల్లవాడు ఇంజినీరింగ్ కూడా పూర్తి చేశాక ఇంకా అలాగే ఉన్న ఎంసెట్ మెటీరియల్. పుస్తకాలు ఇంకో పిల్లకి పనికొస్తాయి, ఈ ఏడాదే ఇచ్చేయండి. సిలబస్ మారితే ఎవరికీ పనికిరావు.

వదిలేయడమంటే చెత్తబుట్టలో వేయడమని కాదు. పాడైన ఫోన్లు, కంప్యూటర్లు, టీవీల కోసం ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమల్లోకి వచ్చాయి. వాటిని లైసెన్సున్న రీసైక్లింగ్ సంస్థలకి చేర్చాలి. బ్యాటరీలకీ 2022లో వేరే నిబంధనలు వచ్చాయి. కొత్త ఇన్వర్టర్ బ్యాటరీ కొనే దుకాణంలోనే పాతది ఇచ్చేస్తే ధరలో తగ్గింపు కూడా ఉంటుంది. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ వీధుల్లోకి వస్తున్నారు, ఆ బట్టలు పాత బట్టల సంతలకి చేరి మళ్లీ ఎవరో కట్టుకుంటారు. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ నగరాల్లో మిగిలిన బట్టల్ని పల్లెల్లో పనికి ప్రతిఫలంగా అందిస్తుంది, కట్టుకోవడానికి వీలుకాని నూలు గుడ్డని ఆడపిల్లల నెలసరి అవసరాలకి శుభ్రంగా తయారు చేస్తుంది. ఇచ్చే బట్ట ఉతికి, బొత్తాలు చూసి ఇవ్వడం మన వంతు మర్యాద.

భోగి మంటలో పాత సామాను వేయడం మన ఆనవాయితీ. విరిగిన కర్రా, పిడకలూ వేసిన రోజుల్లో అది సరైనదే. ఇప్పుడు ప్లైవుడ్, రెక్సిన్, టైరు, ప్లాస్టిక్ కుర్చీ కూడా వేస్తున్నారు. తెల్లవారుజామున మంట చుట్టూ నిలబడే పిల్లలు ఆ పొగే పీలుస్తారు. పనికొచ్చే కుర్చీ కాపలాదారు ఇంటికో, ఇస్త్రీ బండి దగ్గరికో వెళ్లాలి.

తూకానికి వేయొద్దు

ఒక్క విషయంలో తొందరపడకండి. అటక మీద పాత తెలుగు పత్రికలూ పుస్తకాలూ దొరికితే కిలోల లెక్కన అమ్మేయకండి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన ‘భారతి’ సంచికలు, ఆంధ్రపత్రిక ఉగాది ప్రత్యేక సంచికలు, 1947లో మొదలైన ‘చందమామ’ పాత సంపుటాలు, తాతగారి చేతిరాతలో ఉన్న పద్దు పుస్తకాలు, ఊరి నాటక సమాజం కరపత్రాలు. ఇవి చాలా ఇళ్లలో చెదలకి ఆహారమవుతున్నాయి. హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం లాంటి చోట్లకి ఫోన్ చేసి అడగండి. వాళ్లకి అక్కర్లేకపోతే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మేవాళ్లున్నారు, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలున్నాయి. అక్కడికి చేరిన పుస్తకం చదివేవాళ్ల చేతికే వెళ్తుంది.

ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరైనా పాత కవర్లూ కాగితాలూ కూడా వదల్లేక, నడవడానికి దారి లేనంతగా పోగేస్తుంటే, తీసేస్తానంటే తీవ్రంగా బాధపడుతుంటే దాన్ని మొండితనం అనుకోవద్దు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలో దీన్ని ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఇల్లంతా ఖాళీ చేసేస్తే పరిస్థితి ఇంకా కష్టమవుతుంది. వైద్యుడి సాయం కావాలి, ఇంట్లో వాళ్ల ఓపిక కావాలి.

అమ్మానాన్నల ఇల్లు

సామాను విషయంలో మన కుటుంబాలు ఎక్కువగా తల్లడిల్లేది సొంతూళ్లో అమ్మానాన్నల ఇల్లు మూసేసే రోజున. పిల్లలు డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. నాన్న పోయాక పెద్దకర్మకి వచ్చి, పదిహేను రోజుల సెలవులో ఇల్లు ఖాళీ చేయాలి. అమ్మ ఇక మీదట కొడుకు దగ్గరుంటుంది. పందిరి మంచం, తిరగలి, అమ్మ పుట్టింటి నుంచి సారెతో వచ్చిన బిందెలు, నాన్న చదివిన పుస్తకాల బీరువా. అమ్మాలంటే చేతులు రావు, తీసుకెళ్దామంటే జాగా లేదు. అలాంటి రోజున గోదాము సులువైన దారిగా కనిపిస్తుంది. అన్నీ పంపేస్తారు. తర్వాత ఎవరూ ఆ పెట్టెలు తెరవరు, అద్దె మాత్రం అన్నదమ్ముల్లో ఒకరి కార్డు నుంచి పోతూనే ఉంటుంది, దాని మీద మాటలు పెరుగుతాయి. ఏడాదిలోగా మళ్లీ కలుసుకుని పంచుకుంటామని ఒక నెల అనుకుంటే, ఆ ఏడాదికి గోదాము మంచి సాయమే. దుఃఖంలో ఉన్నప్పుడు నిర్ణయాలు తీసుకోకుండా కొంత కాలం దొరుకుతుంది.

స్వీడన్‌లో వయసు మీదపడ్డ వాళ్లు తాము ఉండగానే తమ సామాను సర్దిపెట్టుకునే పద్ధతి ఉంది. 2017లో మార్గరెటా మాగ్నుసన్ రాసిన పుస్తకంతో అది బయటి ప్రపంచానికి తెలిసింది. మన ఇళ్లలోనూ ఈ పని ఉంది, దానికో పేరు పెట్టలేదంతే. మన అమ్మమ్మలు ‘ఈ వడ్డాణం పెద్ద మనవరాలికి, ఈ మరచెంబు చిన్నోడికి’ అని తమ చేతులతోనే ఇచ్చేవాళ్లు. బంగారానికి ఇంకా అలాగే జరుగుతోంది. మిగతా సామానుకి ఆగిపోయింది.

కాబట్టి ఈ దసరాకో సంక్రాంతికో ఊరికి వెళ్లినప్పుడు అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి అడగండి. ఏ బిందె ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మంచం ఎవరు చేయించారు, ఏది ఎవరికి ఇవ్వాలని ఉంది? వాళ్లు చెప్పేది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, వాళ్ల గొంతు ఫోనులో రికార్డు చేసుకోండి. వాళ్లకి ఇష్టమైతే ఇవ్వదలచినవి వాళ్ల చేతుల మీదుగానే, ఆ పండగకే ఇప్పించండి.